షిఫ్టు మారలేదు, నిద్ర ఎందుకు మారింది? నైట్ డ్యూటీ తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివినా. నువ్వు అంటున్నానని ఏమనుకోవద్దు, మా పెద్దోడి వయసే నీది. నువ్వు రాసింది ఇదీ: వయసు 29, తిరుపతి కొర్లగుంటలో సింగిల్ రూము, అమెరికా క్లయింటు పని, సాయంత్రం 6:30 నుంచి తెల్లారుజామున 3:30 దాకా రూములోనే డ్యూటీ, నాలుగుకి పండుకుంటే ఎనిమిదికో తొమ్మిదికో గానీ కన్ను మూతపడదు, పదకొండు పన్నెండుకి మెలకువ, ఆ తర్వాత మధ్యాన్నం 3 దాకా మంచం మీదే ఫోను. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, పుత్తూరు దగ్గర ఊళ్ళో ఉన్న అమ్మ ఫోన్ చేస్తే విసుక్కుంటావు, పెట్టేసినాక ఏడుపొస్తుంది. ఇది నిద్ర జబ్బా, డిప్రెషనా, మెలటోనిన్ (నిద్ర హార్మోను మాత్ర) వేసుకోవచ్చా అని అడిగినావు.

ముందు నేనెవరో చెప్తా. 24 ఏళ్ళుగా తిరుపతిలోనే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ని. డాక్టర్ని కాదు, మందులు రాయను. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఎప్పుడు తింటారు, ఎవరు యాడ పండుకుంటారు, ఇట్లాంటివి పేషెంటు పక్కన కూర్చుని అడగడం నా పని. కొత్తలో ఇవన్నీ ఫారం నింపడానికి అడిగే ప్రశ్నలే అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరన్నా నిద్ర పట్టడం లేదక్కా అని వస్తే నేను మొట్టమొదట అడిగేది ఒకటే, నువ్వు నిద్ర లేచింది ఎవరికి తెలుస్తుంది అని. చానామంది దీనికి జవాబు చెప్పలేక గమ్మున ఉండిపోతారు.

నీ ప్రశ్నలో రెండు లైన్లు నన్ను ఆపేసినాయి. షిఫ్టు మూడేళ్ళ నుంచి ఉంది, ఈ బాధ మాత్రం ఎనిమిది నెలలుగా అన్నావు. అంటే రెండేళ్ళకి పైగా ఇదే షిఫ్టులో నువ్వు బాగానే నిద్రపోయినావు. ఇంకో లైను అద్దె గురించి చెప్తా రాసినావు, రూమ్మేటుకి పెళ్ళయి వెళ్ళిపోయినాక అద్దె మొత్తం నామీదే పడిందని, అంతకుముందు ఇద్దరూ లాగౌట్ అయినాక బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ తిని వచ్చి ఐదుకి పండుకునేవాళ్ళమని. ఆ పిల్లోడు వెళ్ళింది ఎప్పుడు? లెక్కేసుకో, నీ నిద్ర చెడింది కూడా ఆ నెలలోనే అయ్యుంటుంది. నువ్వు షిఫ్టుని తిట్టుకుంటా ఉండావు, నాకు కనబడింది ఆ ఇడ్లీ బండి.

కొంచెం వివరంగా చెప్తా, ఓపిగ్గా చదువు. మన ఒంట్లో ఒక గడియారం ఉంది, ఊరికే మాటకి అనడం కాదు, నిజంగానే ఉంది. అది జీన్ల లెవెల్లో ఎట్లా తిరుగుతుందో ఈగల మీద పనిచేసి చెప్పినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ ముగ్గురికీ వైద్యంలో నోబెల్ ఇచ్చినారు. మనుషుల్లో చానామందికి ఆ గడియారం 24 గంటల కంటే రవ్వంత జాస్తి తిరుగుతుంది, అందుకని రోజూ దాన్ని ఎవరో ఒకరు సరిచేయాల. అన్నిటికంటే గట్టిగా సరిచేసేది వెలుతురు. దాంతో పాటు మనుషులు కూడా. 1988లో ఎలర్స్, ఫ్రాంక్, కుప్ఫర్ అని ముగ్గురు పరిశోధకులు ఒక మాట చెప్పినారు, మనం తినే టైము, పనికిపోయే టైము, ఫలానా మనిషితో మాట్లాడే టైము ఇవన్నీ ఒంటి గడియారానికి కీ ఇచ్చే చేతులు అనేది దాని సారం. భర్త పోయినా, ఉద్యోగం పోయినా, ఊరు మారినా మనసుకి తగిలే దెబ్బ ఒకటి, ఆ కీ ఇచ్చే చెయ్యి పోవడం ఇంకొకటి, ఈ రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, లోపల గడియారం చెడిపోతే కొంతమందిలో అదే డిప్రెషన్‌గా తిరుగుతుంది అని. నేను ఇది చదివింది ఉద్యోగంలో చేరినాక చాన్నాళ్ళకి, చదవంగానే అప్పటిదాకా చూసిన వందమంది మొహాలు కళ్ళముందు తిరిగినాయి.

మన ఊరు చూడు. తిరుపతి ఎప్పుడు నిద్రపోతుందో ఎవరికన్నా తెలుసా. కొండ మీద ఏకాంత సేవ అయి తలుపులేసేది అర్ధరాత్రి దాటినాక, మళ్ళీ సుప్రభాతానికి తెల్లారుజామునే తెరిచేస్తారు. దాన్ని పట్టుకుని పూలోళ్ళు, పాలోళ్ళు, జీపులోళ్ళు, టిఫిను బండ్లోళ్ళు, లాడ్జి కుర్రోళ్ళు, వీళ్ళందరి టైములూ వేరే. నాకు తెలిసిన ఒకాయన ఇరవై ఏళ్ళుగా రాత్రి 2:30కి లేచి పిండి బండెక్కించుకుని పోతాడు. నిద్ర గురించి ఆయన ఏనాడూ కంప్లైంటు చేయలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో రాత్రి ఏడుకే అన్నాలైపోతాయి, ఎనిమిదికి టీవీ కట్టేస్తారు, ఆయన లేస్తే భార్యా లేస్తుంది, ఇద్దరూ చట్నీ రుబ్బుకుంటా మాట్లాడుకుంటారు. వాళ్ళ రాత్రి మన రాత్రి కాదు గానీ అది ఇద్దరి రాత్రి. నీకుండే రాత్రి నీ ఒక్కడిదే అయిపోయింది.

మీ పుత్తూరు వైపు భారతం ఆడతారు కదా, ద్రౌపదమ్మ గుడి దగ్గర, పగలు హరికథ, రాత్రంతా నాటకం, 18 రోజులు. చిన్నప్పుడు మా అవ్వ నన్ను దుప్పట్లో చుట్టుకుని తీసకపొయ్యేది, కీచకుడి కథ నడస్తా ఉంటే నేను ఆమె ఒళ్ళో నిద్రపోయేదాన్ని, అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు మాత్రం లేపేది. ఊరు ఊరంతా నిద్ర చాలకుండానే తిరుగుతుంది ఆ రోజుల్లో, అయినా భారతం చూసి డిప్రెషన్ వచ్చిందని నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. అందరూ కలిసి మేలుకున్నారు, అందరూ కలిసి మధ్యాన్నం చెట్టు కింద వాలినారు. నేను ఇన్నేళ్ళలో చూసింది ఏందంటే మనిషిని తినేసేది ఒంటరి మెలకువ. అయితే ఒక జాగ్రత్త ఈడే చెప్పాల, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు డిప్రెషన్ వచ్చే జబ్బు) ఉంటే పదిమందితో కలిసి చేసే జాగారం కూడా వాళ్ళకి మంచిది కాదు. శ్రీకాళహస్తిలో శివరాత్రి జాగారం చేసొచ్చి వారం తిరక్కుండా మానియాలోకి, అంటే ఆ విపరీతమైన హుషారులోకి పోయిన అబ్బాయిని నేనే చూసినా, మూడు రోజులు నిద్రలేకుండా లక్షల వ్యాపారం గురించి మాట్లాడతా వచ్చినాడు. అట్లాంటోళ్ళకి దేవుడి పేరుతో అయినా సరే నిద్ర తగ్గించకూడదు.

ఇంకో మాట. మన తెలుగులో నిద్రపోవడం వేరే, నిద్ర చేయడం వేరే, ఎప్పుడన్నా గమనించినావా. నిద్ర ఒంటరిగా ఎక్కడైనా పోవచ్చు. నిద్ర చేయాలంటే మాత్రం ఒకరింటికి పోవాల. కొత్త పెళ్ళికొడుకు అత్తగారింట్లో మూడు నిద్రలు చేస్తాడు. మనిషి పోయిన ఇంట్లోవాళ్ళని దినాలు అయినాక చుట్టాలు పిలుచుకుపోయి ఒక నిద్ర చేయించి పంపిస్తారు, లేకపోతే గుళ్ళో నిద్ర చేసి వస్తారు. మొక్కున్నా గుళ్ళో నిద్రే. చిన్నప్పుడు ఇదంతా చాదస్తం అనుకున్నా, కానీ దుఃఖంలో ఉన్న మనిషిని ఆ ఇంటి గోడల మధ్య ఒక్కదాన్ని వదలకుండా ఇంకో ఇంట్లో, ఇంకో నలుగురి ఊపిరి చప్పుడు మధ్య పండుకోబెట్టాలని ఎవరు ఆలోచించినారో గానీ వాళ్ళకి నిద్ర గురించి బాగా తెలుసు.

మా అమ్మ సంగతే చెప్తా. మా నాయన పోయినప్పుడు చిత్తూరులో ఇంటినిండా మనుషులు, పదకొండు రోజులు హాల్లో చాపలేసి ఇరవై మంది పండుకున్నారు, అమ్మ ఆ గందరగోళంలోనే నిద్రపోయేది. పన్నెండో రోజు అందరూ వెళ్ళిపోయినారు, నేనూ వచ్చేసినా, డ్యూటీ ఉందని. ఆ రోజు నుంచి అమ్మకి రాత్రి మూడుకి మెలకువ. నాయన మూడున్నరకి లేచి దగ్గి, బాయి దగ్గర మొహం కడుక్కుని, రేడియో పెట్టుకుని కూర్చునేవాడు, 38 ఏళ్ళు ఆ చప్పుడు మధ్య నిద్రపోయిన మనిషి ఆమె, చప్పుడు లేక లేచి కూర్చునేది. నెల తిరిగేసరికి తిండి తగ్గింది, ఎవరొచ్చినా బయటికి రాకపోయేది. ఇంత చదువుకుని ఇదే పనిలో ఉన్న నేను చేసిందేందంటే నిద్రమాత్ర రాయించుకొచ్చి ఇచ్చినా. మాత్ర వేసుకుని మూడుకి బదులు నాలుగుకి లేచేది, అంతే తేడా. చివరికి మా వదిన ఒక ఏర్పాటు చేసింది. పక్కింట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంది, వాళ్ళింట్లో చదువుకోను జాగా లేదు, ఆ పిల్ల రాత్రి మా ఇంట్లో చదువుకుని అక్కడే పండుకునేది, తెల్లారుజామున ఐదుకి లేపే బాధ్యత అమ్మది. లేపి కాఫీ పెట్టిచ్చేది. అదొక్కటే మందు అని నేను అనను, డిప్రెషన్ మందు కూడా ఆర్నెల్లు వాడింది, అది అవసరమైంది. కానీ ఆమె మళ్ళీ రాత్రి పదికి పండుకోను మొదలుపెట్టింది ఆ పిల్లని లేపాల కాబట్టి. ఆ పిల్ల ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తా ఉంది, పండక్కొస్తే మా అమ్మ దగ్గరే నిద్ర చేసి పోతుంది.

సరే నీ సంగతికి వస్తా. అమ్మ మీద విసుగు గురించి నువ్వు చాలా సిగ్గుపడతా రాసినావు. అది నీ గుణం కాదు తమ్ముడూ, నిద్రలేని బుర్ర చేసే పని. 2007లో అమెరికాలో కొంతమందిని దాదాపు 35 గంటలు మేలుకోబెట్టి బొమ్మలు చూపిస్తా బ్రెయిన్ స్కాన్ తీసినారు, భయానికి కోపానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం బాగా నిద్రపోయినోళ్ళలో కంటే 60 శాతం జాస్తి ఎగిరింది, దాన్ని పట్టి ఉంచే ముందు భాగంతో లింకు సడలిపోయింది. ముకుతాడు వదిలేసిన ఎద్దు మాదిరి. మీ అమ్మ "తిన్నావా నాయనా" అంటే నీ చెవికి అది దెప్పినట్టు వినబడేది అందుకే.

ఇంకో స్టడీ ఉంది, నేను అందరికీ చెప్పేది. 2018లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో ఎటి బెన్ సైమన్, మాథ్యూ వాకర్ చేసినారు. 18 మంది యువకుల్ని ఒక రాత్రి బాగా నిద్రపోనిచ్చి, ఇంకో రాత్రి మొత్తం మేలుకోబెట్టి, రెండుసార్లూ ఒకే పరీక్ష పెట్టినారు, ఎదురుగా ఒక మనిషి నడుచుకుంటా వస్తాడు, ఇంక చాలు దగ్గరికి రావద్దు అనిపించినప్పుడు ఆపేయాల. నిద్రలేని రోజు ఆ మనిషిని ఎంతో దూరంలోనే ఆపేసినారు. ఆడితో అయిపోలేదు. వీళ్ళు మాట్లాడే వీడియోలు తీసి, నిద్ర సంగతి చెప్పకుండా వెయ్యిమందికి పైగా వేరేవాళ్ళకి చూపిస్తే, నిద్రలేనోళ్ళని చూసి వీళ్ళు ఒంటరిగా కనబడతా ఉండారు, వీళ్ళతో మాకొద్దు అన్నారు. ఆ ఒక్క నిమిషం వీడియో చూసినాక చూసినవాళ్ళకే మేము ఒంటరి అనే ఫీలింగు పెరిగింది. అంటే నీకు నిద్ర లేకపోతే నువ్వు మనుషుల్ని దూరం పెడతావు, మనుషులు నిన్ను దూరం పెడతారు, నీ పక్కన కూర్చున్నోడికి కూడా అది అంటుకుంటుంది. మనుషులు దూరమైతే నిద్ర ఇంకా చెడుతుంది. నువ్వు అడిగిన "నిద్ర జబ్బా డిప్రెషనా" అనే ప్రశ్నకి అందుకే నేను ఒకటి ఎంచి చెప్పలేను. చానా స్టడీలు కలిపి చూసిన 2011 లెక్క ఒకటుంది, డిప్రెషన్ లేకుండా నిద్రలేమి మాత్రమే ఉన్నోళ్ళకి తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు రెండింతలు అని. డిప్రెషన్ తగ్గితే నిద్ర అదే వస్తుందిలే అని ఎదురుచూడడం పాతకాలం మాట. నిద్రని నిద్రగానే పట్టుకోవాల.

ఇది చదివి చుట్టూ మనుషులుంటే చాలు అనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఒక మాట. అమెరికాలో సౌత్ డకోటాలో హట్టరైట్లు అని ఒక మత సమాజం ఉంది, ఆస్తులు ఉమ్మడి, వంట ఉమ్మడి, అందరూ కలిసే తింటారు. అక్కడ 95 మంది నిద్రని చేతికి మిషను కట్టి కొలిచినారు. అంత కలిసి బతికే చోట కూడా లోపల ఒంటరి అనిపించినోళ్ళ నిద్ర ముక్కలు ముక్కలైంది, గంటలు తగ్గలేదు గానీ మాటిమాటికీ తెగింది. ఇది చదివినప్పుడు నాకు పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒకామె గుర్తొచ్చింది. ఇంట్లో ఎనిమిది మంది, అందరికంటే వెనక పండుకునేది ఆమె, నాలుగున్నరకి పాలు పితకను లేచేది ఆమె, మధ్యలో అత్తకి మందు, పిల్లోడికి నీళ్ళు. నిద్ర పట్టడం లేదని వాళ్ళాయన తీసుకొచ్చినాడు, ఏం లోటు మేడం, ఇంటినిండా మనుషులే కదా అన్నాడు. ఆయన్ని బయట కూర్చోమని ఆమెని అడిగితే "నాతో మాట్లాడేది ఆవు ఒకటేనమ్మా" అనింది. మన ఇళ్ళలో ఆడోళ్ళ నిద్రని అసలు ఎవరూ నిద్ర కింద లెక్కపెట్టరు, బిడ్డ పుట్టినాక పుట్టింట్లో ఉండే నాలుగైదు నెలలు తప్పిస్తే ఆమె నిద్రకి కాపలా కాసేవాళ్ళే ఉండరు. ఆ కాన్పు తర్వాతి రోజుల్లో అయితే ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి, బాలింత రెండు మూడు రాత్రులు అసలు నిద్రపోకుండా పొంతన లేని మాటలు మాట్లాడితే దిష్టి తీసుకుంటా కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకురావాల. పలమనేరు ఆమెకి మేము చేసింది చిన్నదే, ఆయన్ని పిలిచి రాత్రి మందు, నీళ్ళు ఆయన చూసుకోమన్నాం, సాయంత్రం ఒక అరగంట ఆమె చెల్లెలితో ఫోన్ మాట్లాడే టైము పెట్టుకోమన్నాం. ఆయన ఒప్పుకోను మూడు సిట్టింగులు పట్టింది.

ఇంక నువ్వేం చేయాలో చెప్తా. మీది పుత్తూరు కాబట్టి పుత్తూరు కట్టు నీకు చెప్పాల్సిన పని లేదు. విరిగిన ఎముకని అతికించేది ఒళ్ళే, కట్టు చేసేదల్లా ఎముక కదలకుండా పట్టుకోవడం. నిద్రకి కట్టు అంటే లేచే టైము. పండుకునే టైము నీ చేతిలో ఉండదు, లేచే టైము ఉంటుంది. నీ షిఫ్టుకి పొద్దున 5 నుంచి 11 దాకా నీ రాత్రి అనుకో. నిద్ర పట్టినా పట్టకపోయినా 11కి లేచి మంచం దిగేయాల, మళ్ళీ రాత్రి డ్యూటీ అయ్యేదాకా ఆ మంచం ఎక్కకూడదు. ఇప్పుడు నువ్వు మంచం మీద ఉండేది 11 గంటలు, నిద్రపోయేది మూడో నాలుగో, మిగతా టైమంతా నీ ఒంటికి నువ్వు నేర్పిస్తా ఉండేది మంచమంటే మేలుకునే చోటు అని. పండుకున్నాక ఇరవై నిమిషాలు అటూఇటూ అయినా పట్టకపోతే లేచి కుర్చీలో కూర్చో, గడియారం మాత్రం చూడొద్దు, కళ్ళు వాలినప్పుడే మళ్ళీ పోయి పండుకో. మొదటి వారం నరకంగా ఉంటుంది, ముందే చెప్తున్నా, రెండో వారం నుంచి ఒళ్ళు అలిసి అదే దారికొస్తుంది. ఇది డాక్టర్లు సీబీటీ-ఐ అనే చికిత్సలో (మందుల్లేకుండా నిద్ర అలవాట్లు, ఆలోచనలు మార్చేది) ఒక భాగం, నిద్రలేమికి మాత్ర కంటే ముందు ఆ చికిత్సే చేయాలని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2016లోనే చెప్పింది. ఫిట్స్ ఉన్నోళ్ళు, బైపోలార్ ఉన్నోళ్ళు, లారీ బస్సు తోలేవాళ్ళు ఈ నిద్ర కుదించే పద్ధతి సొంతంగా చేయకూడదు, డాక్టర్ చూస్తా ఉండగానే చేయాల.

కిటికీకి మందం దుప్పటి కట్టు, నీది మిద్దె పైరూము అయితే వీలుంటే కింద పోర్షన్‌కి మారు, తిరుపతి ఎండాకాలంలో శ్లాబు కింద పగలు నిద్రపోవడం ఎవరి తరమూ కాదు. లేచినాక మాత్రం ఎండలోకి పో, ఒక పావుగంట. టీ కాఫీ సగం పవరు ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది, నీ ఆఖరి కప్పు రాత్రి 10:30కి అయిపోవాల, రెండు గంటలప్పుడు తాగే టీ మానేయాల. బీరో బ్రాందీయో తాగితే నిద్రపడుతుంది అనుకుంటారు, అది పడగొడుతుంది, తర్వాత సగం రాత్రి నిద్రని చీల్చేస్తుంది.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నేను గట్టిగా చెప్పేది ఆ ఇడ్లీ బండి గురించి. బైపోలార్ ఉన్నోళ్ళ కోసం ఇందాక చెప్పిన ముగ్గురిలో ఒకరైన ఎలెన్ ఫ్రాంక్ తయారుచేసిన చికిత్సలో రోజూ ఐదు టైములు రాసుకోమంటారు, మంచం దిగింది ఎప్పుడు, మొదట ఒక మనిషితో మాట్లాడింది ఎప్పుడు, పని మొదలుపెట్టింది, రాత్రి భోజనం, మంచమెక్కింది. రెండోది చూడు, మనిషితో మాట్లాడిన టైము. నీ డైరీలో ఆ గడి ఇప్పుడు ఖాళీగా ఉంటుంది. టీమ్ మీటింగులో క్లయింటుతో మాట్లాడింది దీని కింద రాయొద్దు. 3:30కి లాగౌట్ అయినాక చెప్పులేసుకుని బయటికి పో, మన బస్టాండు ఆ టైముకి నిండుగానే ఉంటుంది, ఒక ఇడ్లీ తిను, బండాయనతో రెండు మాటలు మాట్లాడు, రోజూ అదే బండి, అదే టైము. పది రోజులకి ఆయన నువ్వు రాకపోతే ఏమైందని అడుగుతాడు. నాకు కావాల్సింది ఆ అడిగే మనిషి. నీ షిఫ్టులోనే ఇంకో పిల్లోడు ఒంటరిగా అద్దెకుంటే రూములోకి తెచ్చుకో, అద్దె కోసం అనుకుంటావో నిద్ర కోసం అనుకుంటావో నీ ఇష్టం.

అమ్మకి నీ రాత్రి ఏ టైమో చెప్పినావా? చెప్పి ఉండవు. ఆమె పొద్దున తొమ్మిదికి చేస్తుంది, అది నీకు నడిరేయి. మధ్యాన్నం 12కి నువ్వే చెయ్, లేచి, మొహం కడుక్కుని, ఎండలో నిలబడి. ఆమెకి ఎదురుచూసే టైము ఒకటి ఉంటుంది, నీకు లేవను కారణం ఒకటి ఉంటుంది. నువ్వు విసుక్కోవడం కూడా తగ్గుతుంది చూడు, నిద్ర మధ్యలో లేపిన మనిషి ఎవరైనా విసుక్కుంటాడు.

వారాంతంలో ఊరికి పోతే అందరితో పాటు రాత్రి పదికి పండుకుని మూడుకి లేచి కప్పు చూస్తా పడుకుంటావు, అవునా. రెండు రోజుల కోసం అమెరికా పోయి వచ్చినట్టే ఒంటికి, దానికి సోషల్ జెట్‌ల్యాగ్ అని 2006లో పేరే పెట్టినారు. శనాదివారాలు రెండుకి పండుకుని తొమ్మిదికి లే. పొద్దున 5 నుంచి 9 దాకా ఆ నాలుగు గంటలు వారమంతా నీ నిద్ర కిందే ఉండాల, నిద్రకి అది లంగరు. ఊళ్ళో పొద్దెక్కేదాకా పండుకున్నాడని ఎవరన్నా అంటే అమ్మనే జవాబు చెప్పమను, ఆమెకి చెప్పి ఉంచితే ఆమే తలుపేసి పోతుంది.

మెలటోనిన్ సంగతి. షిఫ్టు వాళ్ళకి కొంతమందికి పనికొస్తుంది, ఎంత, ఏ టైముకి అనేది చానా ముఖ్యం, తప్పు టైముకి వేసుకుంటే గడియారాన్ని తప్పు వైపు తిప్పుతుంది, కాబట్టి డాక్టర్‌ని అడిగి వేసుకో. నేను భయపడేది దాని గురించి కాదు, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే ఆల్ప్రజోలం అనే మత్తు మాత్ర గురించి. ఫ్రెండ్ ఇచ్చినాడని ఎవరూ మొదలుపెట్టొద్దు. ఇప్పటికే నెలలుగా వాడేవాళ్ళు ఇది చదివి ఈ రాత్రే ఆపేయనూ వద్దు, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. పక్కన పండుకునేవాళ్ళు ఉంటే కదా గురక సంగతి తెలిసేది, నీకు ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు, పాత రూమ్మేటుకి ఫోన్ చేసి అడుగు, గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉండేదా అని. అట్లుంటే అది వేరే జబ్బు, దానికి టెస్టు వేరే. ఆ వంకతో అయినా వాడితో మాట్లాడు.

వారంలో మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు దాటిన నిద్రలేమిని ఊరికే వదలకూడదు, నీది ఎనిమిది నెలలు. తిరుపతి రుయా పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, 11కి లేచి పోలేవు అనుకుంటే ఒక్క రోజు నిద్ర మానుకుని పో, తప్పులేదు. పిచ్చాస్పత్రి అనుకుంటారని భయపడొద్దు, ఆ వరసలో సగం మంది నిద్ర కోసం వచ్చినోళ్ళే ఉంటారు. నువ్వు రాయలేదు గానీ నేను అడగాల, ఎందుకు బతకడం, లేకపోతే బాగుండు అనే ఆలోచన ఆ తెల్లారుజాము గంటల్లో వస్తా ఉందా? వస్తే ఓపీ దాకా ఆగొద్దు, 14416కి చెయ్, టెలీ మానస్ అని సర్కారు హెల్ప్‌లైను, ఏ రాత్రి ఏ టైములో అయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు లేవు. మూడు నాలుగు గంటల మధ్య ఒంటరిగా ఉన్న మనసుకి ప్రతిదీ ఉన్నదానికంటే నల్లగా కనబడుతుంది, ఆ టైములో పెద్ద నిర్ణయాలు ఏవీ తీసుకోకు, ఉద్యోగం మానేయడం కూడా.

రెండు వారాలు ఆ ఐదు టైములూ ఒక కాయితం మీద రాసి పెట్టు, ఫోన్లో యాప్ వద్దు, పెన్నుతో రాయి. రాసినాక ఇక్కడే చెప్పు, నేను చూస్తా. ఈ శనివారం పుత్తూరు బస్సెక్కు, దుప్పటి అమ్మ మంచం పక్కనే వేసుకో, ఒక నిద్ర చేసి రా. రెండు దాకా నీకు నిద్ర రాదు కదా, ఆమె పండుకునేదాకా ఆమె చెప్పేది విను, ఈ ఎనిమిది నెలల కబుర్లు చానా మిగిలి ఉంటాయి.